సీనియర్ మార్చిన తెర

పోయిన వారం కంప్యూటర్లు బాగుచేసే మనిషి మా షాపుకు వచ్చాడు. నా మిషన్ ముందు కూర్చుని కాసేపు అటూ ఇటూ నొక్కి, "పెద్దమ్మా, ఇండ్ల రెండు డెస్క్‌టాప్‌లున్నయి, రెండు తీర్ల తెరలు. నువ్వు వాడేది ఒక్కటే. పాతది ఉత్తగ జాగ తింటున్నది. తీసెయ్యాల్నా?" అని అడిగాడు.

"జర ఆగు. చాయ్ తాగి రాపో" అన్నాను. అతను పోయాడు. నేను మిషన్‌ను పాస్‌వర్డ్ అడిగే తెర దాకా తెచ్చి, కింద మూలనున్న చిన్న చక్రం నొక్కాను. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి గ్నోమ్, పాతది. ఇంకోటి ఎక్స్ఎఫ్‌సీఈ, ఇప్పుడు వాడేది. రెండింటినీ ఒక్కొక్క అక్షరం పట్టుకుని చదివాను. ఆ రెండూ ఆ మిషన్‌లో పెట్టిన మనిషి ఈ గల్లీ విడిచిపోయి చాలా కాలమైంది.

అతని పేరు ఇక్కడ రాయను. మా గల్లీలో ఎవరూ అతన్ని పేరుతో పిలవలేదు. అశోక్‌నగర్‌లో సర్కారు నౌకరీ కోసం చదివే పిల్లలు వస్తారు, నాలుగేళ్లుంటారు, పోతారు. అతను పోలేదు. అందుకని అందరూ అతన్ని సీనియర్ అనేవారు. కొత్తగా వచ్చిన పిల్లలకు హాస్టల్ ఎక్కడ మంచిదో, ఏ మెస్సులో పప్పు నీళ్లలా ఉండదో, లైబ్రరీలో ఏ ఫ్యాను తిరుగుతుందో చెప్పేది అతనే. లెక్క రాని వాడికి లెక్క చెప్పేవాడు. అతను చెప్పిన లెక్కలు రాసి నౌకరీ కొట్టినవాళ్లు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చేవారు. అతను ఒక్క ముక్క తీసుకుని, డబ్బా మా కౌంటర్ మీద పెట్టి పోయేవాడు.

నాలుగు ఆప్షన్లు లేకుండా అతనికి మాట వచ్చేది కాదు.

"తిన్నవా సీనియరూ?"

"ఆప్షన్లు జెప్పు పెద్దమ్మా."

"అన్నం, చపాతి, ఇడ్లీ, చెప్పు దెబ్బ."

"పైవేవీ కావు" అని నవ్వేవాడు. తినలేదని అర్థం. నా టిఫిన్ మూత తీసి అతని ముందుకు జరిపేదాన్ని.

చేతిలో పెన్ను ఉంటే ఊరుకునేవాడు కాదు. పరీక్ష కాగితం మీద గుండ్రాలు నింపీ నింపీ అలవాటై, ఎక్కడ సున్నా కనబడినా, ఏ అక్షరం కడుపు ఖాళీగా కనబడినా నల్లగా నింపేసేవాడు. పేపర్లో హెడ్డింగులన్నీ నింపేవాడు. చాయ్ కప్పు మీది పువ్వులు నింపేవాడు. మా షాపు రేట్ల బోర్డు మీద సున్నాలన్నీ నింపితే ఓనర్ మండిపడ్డాడు. "అరే భాయ్, నా బోర్డు మీద రాయకు పరీక్ష. హాల్‌కు పోయి రాయి." సీనియర్ పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు మళ్లీ షాపుకు రాలేదు. ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

ఇంకొకటి, అర్రలు మార్చడం, ఒక అద్దె గది విడిచి ఇంకో గదికి. ఒక బకెట్టు, బకెట్లో మగ్గు, మగ్గులో సబ్బు డబ్బా, చంకలో చుట్టిన పరుపు. నేను చూస్తుండగానే అశోక్‌నగర్ నుంచి గాంధీనగర్ పోయాడు, గాంధీనగర్ నుంచి చిక్కడపల్లి, అక్కడి నుంచి మళ్లీ అశోక్‌నగర్.

"ఏడికి సవారీ?"

"అర్ర మారుతున్న పెద్దమ్మా. ఆ అర్రల చదివింది తలకెక్కుతలే."

రెండు నెలలకు మళ్లీ అదే బకెట్టు, అదే మాట. ఎటు పోయినా సాయంత్రానికి మా కౌంటర్ కాడికి నడిచి రాగలిగినంత దూరమే పోయేవాడు. కట్టేసిన బర్రె గుంజ చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నాడని ఒకసారి మొహం మీదే అన్నాను. "తాడు ఏడుందో జూపియ్యి" అన్నాడు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే అతను చేసింది అర్థం కాదు. పాలమూరు దిక్కు నుంచి బట్టీలో ఇటుకలు మోయడానికి ఈ పట్నం వచ్చినదాన్ని. మోకాలు అరిగాక ఈ షాపు ఊడ్వడానికి కుదిరాను. ఆన్‌లైన్లో అప్లికేషన్లు నింపి, హాల్ టికెట్లు ప్రింట్ తీసే షాపు. నాలుగు మిషన్లు. కొన్నాళ్లకు వంగి ఊడ్వడం కూడా కష్టమైంది. అప్పుడే కౌంటర్ మీద కూర్చునే మనిషి మానేశాడు. ఓనర్ నన్ను "సదువొస్తదా?" అని అడిగాడు. "ఏడో తరగతి దాక సదివిన" అన్నాను. బడి గడప తొక్కినదాన్ని కాదు. అంకెలు వచ్చు, బస్సు నంబర్లు వచ్చు. అక్షరం ఒక్కటీ రాదు.

మూడేళ్లు అట్లాగే నడిపాను. అప్లికేషన్లలో రాసేది పిల్లలే రాసుకునేవారు; తెరవడం, ఫోటో ఎక్కించడం, ప్రింట్ తీయడం నా పని, అది బొమ్మల జాగా గుర్తుపెట్టుకుని నడిపాను. తెర ఎడమ పక్కన నిలువుగా బొమ్మల వరుస ఉండేది. పైనుంచి రెండోది నొక్కితే పెన్‌డ్రైవ్ ఫైళ్లు. అయిదోది నొక్కితే నెట్. ఫైలు తెరిచాక పై మూలన ప్రింటర్ బొమ్మ. అది నొక్కితే వచ్చే పెట్టెలో కుడి చివర నీలం రంగు పట్టీ. నేను చదివి నొక్కుతున్నానని అందరూ అనుకునేవారు. చీకట్లో మన వంటింట్లో ఉప్పు డబ్బా తడుముకుని తీస్తాం చూడండి, నేను చేసింది అదే. పొద్దున షాపు తీస్తుంటే ఇవాళ దొరికిపోతాను అనుకునేదాన్ని. రాత్రి షట్టర్ దింపుతుంటే రేపు దొరికిపోతాను అనుకునేదాన్ని.

సీనియర్ ఏడాదికి రెండు మూడుసార్లు ప్రింట్ కోసం వచ్చేవాడు. షాపులో ఎవరూ లేని మధ్యాహ్నం చూసి వచ్చేవాడు. నాలుగు మిషన్లున్నా నా దగ్గరికే వచ్చి, "ఒక్క కాపీ పెద్దమ్మా, రంగుల" అనేవాడు. కాగితం కౌంటర్ మీద పెట్టి, ముడతలు సవరించి, ఫోన్‌తో ఫోటో తీసి ఎవరికో పంపేవాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు. దాని మీద అతని ఫోటో ఉండేది. హాల్ టికెట్ అని తెలుస్తూనే ఉంది. కాగితం నిండా అంకెలే. ఏ అంకె దేనిదో చెప్పేది అక్షరమే, అది నాకు రాదు. "మంచిగ రాయి బిడ్డా" అనేదాన్ని. అప్పుడు మాత్రం ఆప్షన్లు అడిగేవాడు కాదు. తల ఊపి పోయేవాడు.

మా మిషన్లలో విండోస్ తీసి లినక్స్ ఎక్కించింది కూడా అతనే. పిల్లల పెన్‌డ్రైవ్‌ల నుంచి వైరస్ వచ్చి మిషన్లు పడుకుంటుంటే, ఓనర్‌ను అడిగి అతను మార్చాడు. వైరస్ బాధ పోయింది. అయితే మా మిషన్లు ముసలివి. ఆ బరువు మోయలేక ఆయాసపడేవి. ఏది నొక్కినా ఆలోచించుకుని తెరుచుకునేవి. అప్లికేషన్ ఆఖరి తారీఖున పిల్లలు నెత్తి బాదుకునేవారు. ఒకనాడు పొద్దున్నే సీనియర్ వచ్చి, నేను చాయ్‌కి పోయి వచ్చేలోపల నాలుగు మిషన్లలోనూ తేలికగా ఉండే ఇంకో డెస్క్‌టాప్ పెట్టేశాడు. "మిషన్ అదే, ఫైళ్లు అవే పెద్దమ్మా. అర్ర మారింది అంతే. ఇప్పుడు ఉరుకుతది" అని లైబ్రరీకి పోయాడు.

నేను కుర్చీలో కూర్చుని తెర చూశాను. ఎడమ పక్క వరుస లేదు. నా రెండో బొమ్మ లేదు, అయిదో బొమ్మ లేదు. పైన సన్నగా ఒక పట్టీ ఉంది, దాని మూలన ఒక ఎలుక బొమ్మ. ఎలుకను నొక్కాను. బొమ్మలు వేలి గోరంత అయిపోయి, పక్కన అక్షరాల బారు దిగింది. పైనుంచి కింది దాకా అక్షరాలే. మూసేద్దామంటే ఎట్లా మూయాలో తెలియలేదు. ఇంకెక్కడో నొక్కాను. ఇంకో అక్షరాల బారు.

ఆ రోజు ఏదో నౌకరీకి ఆఖరి తారీఖు. పది గంటలకల్లా కౌంటర్ ముందు పదిహేను మంది నిలబడ్డారు.

"పెద్దమ్మా, జల్ది జెయ్యి."

"పెద్దమ్మా, గా ఫోటో ఎక్కించుడు ఒక్కటే ఉంది."

"ఏంది పెద్దమ్మా, మిషన్‌ను గట్ల జూస్తున్నవ్? పెండ్లి చూపులా?"

అందరూ నవ్వారు. "మిషన్ ఖరాబయింది" అన్నాను. "మంచిగనే ఉంది గదా, ఫైల్స్ అని రాసుంది సూడు, అది నొక్కు" అని ఒకడు తెర మీద వేలు పెట్టబోయాడు. చెయ్యి మీద కొట్టాను. నా చీర వెనుక అంతా చెమటతో తడిసిపోయింది. లోపలి గదిలోంచి ఓనర్ లేస్తున్న చప్పుడు వినిపించింది. ఇటుకల బట్టీ, మోకాలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి.

అప్పుడు సీనియర్ వచ్చాడు. లైను మధ్యలోంచి దూరి, "మిషన్ల నేను ఏదో గెలికిన, అందుకే ఆగింది. పెద్దమ్మ తప్పు గాదు" అని అందరికీ వినబడేట్టు చెప్పి, నా పక్కన వంగాడు. ఆ తెరను మూసి, పాస్‌వర్డ్ అడిగే చోట కింది మూలనున్న చక్రం నొక్కాడు. నా పాత వరుస నా ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. "నీ రెండో బొమ్మ ఇగో" అన్నాడు మెల్లగా.

రెండో బొమ్మ అని నేను అతనితో ఎప్పుడూ అనలేదు.

మధ్యాహ్నం గుంపు తగ్గాక అడిగాను. "ఎప్పటి సంది ఎరుక?"

"మొదట్ల నుంచే. నువ్వు తెరను సదువుతలేవు, కొలుస్తున్నవ్. నీ పెదవులు కదలయి, వేలే కదుల్తది."

"ఓనర్‌కు చెప్తవా?"

"పైవేవీ కావు" అన్నాడు. నవ్వలేదు.

"అయితె నాకు పాతదే ఉండనియ్యి. నీకు దండం పెడత."

"ఉంటది. తీసెయ్యలే. గానీ పెద్దమ్మా, పాతది కుంటుతనే ఉంటది, పిల్లలు తిడ్తనే ఉంటరు. పొద్దుగాల పాతదాంట్ల పని జెయ్యి. మధ్యాహ్నం ఒక్క గంట కొత్తదాంట్ల కూసో. నేను అది తెలుగుల పెడత."

అట్లా యాభై ఎనిమిదో ఏట అక్షరాలు మొదలుపెట్టాను. పలక మీద కాదు, ఎలుక బొమ్మ కింద దిగే బారు మీద. తెలుగు అంటే తెలుగే గాని, ఆ తెలుగు మా ఇంట్లో ఎవరూ మాట్లాడింది కాదు. దస్త్రాలు అట. ముద్రించు అట. వేలు అక్షరం కింద పెట్టి, జరుపుతూ, గట్టిగా చదవమనేవాడు. వేలు అక్షరం కంటే ముందు పోతే ఒప్పుకునేవాడు కాదు. "మల్ల కొలుస్తున్నవ్. సదువు" అనేవాడు. నాకు పలకడం రాని అక్షరాన్ని పేపర్ మీద పెద్దగా రాసి, దాని కడుపు నల్లగా నింపి చేతికిచ్చేవాడు. ఆ కాగితాలు నా టిఫిన్ సంచిలో ఇప్పటికీ ఉన్నాయి.

బారులో అన్నిటికంటే కింద ఉన్న మాట దగ్గర వారం రోజులు ఆగిపోయాను. ని, ష, కింద ఏదో వేలాడుతుంది. చివరికి నిష్క్రమించు అని పలికాను.

"అంటె ఏంది?"

"బయటికి పోవుడు."

"గంత మాట ఎందుకు దానికి?"

"ఈ గల్లీల ఎవరికీ రాని పని గదా, అందుకు" అన్నాడు.

ఆరు నెలలకు తెలుగు వచ్చింది. సెలవు రోజు నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దాకా నడుస్తూ బోర్డులు చదివేదాన్ని. ఇరవై ఏళ్లుగా నడిచిన రోడ్డు, ఇన్ని మాటలు పెట్టుకుని నాతో ఒక్కటీ చెప్పలేదు కదా అని కోపం వచ్చేది. బోర్డుల మీద ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి అదీ మొదలుపెట్టాను. సీనియర్ అదీ చెప్పాడు. కానీ ఇంగ్లీషు మొదలుపెట్టాక అతను తన ప్రింట్లు నా దగ్గర తీయించుకోవడం మానేశాడు. ఎదుటి షాపులోంచి కాగితం మడుచుకుంటూ వస్తుంటే చూశాను.

"నా చేతి కాగితం చేదైందా?"

"అక్కడ రంగు మంచిగొస్తది పెద్దమ్మా."

రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. చదువు చెప్పినవాణ్ని అట్లా అనుమానించడం నాకే బాగాలేక మూడో రోజు టిఫిన్ మూత తీశాను.

ఆ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం అతని భార్య వచ్చింది. నేను ఆమెను అంతకు ముందు చూడలేదు. మొహం కడుక్కోకుండా బస్సు దిగి నేరుగా వచ్చిన మనిషిలా ఉంది. మా షాపులో ప్రింట్ తీయించుకుంటానని అతను ఎప్పుడో చెప్పాడట, దారి అడుగుతూ వచ్చింది. స్టూలు మీద కూర్చుని, నీళ్లు తాగి, ఫోన్ తీసి నా ముందు పెట్టింది. తెర మీద అతని ఫోటో ఉన్న హాల్ టికెట్.

"పెద్దమ్మా, రేపు ఆదివారం పరీక్ష అని పంపిండు. మా ఊర్ల సదువుకున్న పిల్లలు గీ పరీక్ష ఎప్పుడో అయిపోయింది అంటున్నరు. నాకు ఇంగ్లీష్ రాదు. ఆయన్ని అడిగితె నమ్మకం లేదా అంటడు. నేను బట్టలు కుట్టి పిల్లను సదివిస్తున్న. ఇంక ఎన్నేండ్లు కుట్టాల్నో ఎరుకైతే చాలు, కుడత. నువ్వు రోజూ గివే కాగితాలు తీస్తవు గదా. ఇది నిజమేనా?"

ఫోన్ దగ్గరికి తీసుకున్నాను. వేలు పెట్టాను. అతని పేరు చదివాను. తండ్రి పేరు చదివాను. పరీక్ష పేరు చదివాను. దాని పక్కన ఏ సంవత్సరపు పరీక్షో ఉంది. నాలుగేళ్ల కిందటిది. పరీక్ష రాసే తారీఖు దగ్గర మాత్రం రేపటి తారీఖు, మిగతా అక్షరాల కంటే కొంచెం లావుగా. అది చదవక ముందే నాకు తెలిసి ఉండాల్సింది. ఆదివారం పరీక్ష ఉంటే శుక్రవారం నుంచే నా కౌంటర్ ముందు లైను ఉంటుంది. ఆ వారం ఒక్కడూ హాల్ టికెట్ తీయించుకోలేదు.

అతను నాలుగు మిషన్లు విడిచి నా దగ్గరికే ఎందుకు వచ్చేవాడో అప్పుడు తెలిసింది. చదువు రాని చెయ్యి కావలసి వచ్చింది. చదువు వస్తే ఆ చెయ్యి ఏమవుతుందో తెలిసి కూడా, తనే కూర్చుని నేర్పాడు.

తల ఎత్తాను. షాపు మెట్టు మీద అతను నిలబడి ఉన్నాడు, చంకలో పేపరు. భార్య వీపు అతని వైపు ఉంది. ఆమె చూడలేదు. అతను లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద.

"చెప్పు పెద్దమ్మా" అంది ఆమె.

నాకు అబద్ధం కొత్త కాదు. పాత అబద్ధం తిరగేశాను.

"నాకు సదువు రాదు బిడ్డా. బొమ్మలు సూసి నొక్కుత. ఎవరన్న సదువుకున్నోళ్లను అడుగు."

ఆమె నా మొహం చూసింది. నా ముందు పుస్తకం తెరిచి ఉంది. ఆ రోజు వచ్చిన పిల్లల పేర్లు వరుసగా, నా వంకర అక్షరాలతో. పెన్ను ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

సీనియర్ లోపలికి వచ్చాడు. భార్యను పలకరించలేదు. ముందు నా చెయ్యి పట్టి పుస్తకం మీద నుంచి తీశాడు. "నా కోసం మల్ల సదువు రానిదానివి గాకు పెద్దమ్మా" అన్నాడు. ఫోన్ తీసుకుని కౌంటర్ మీద ఆమె వైపు తిప్పి పెట్టి, అక్షరం పెద్దది చేసి, కింద వేలు పెట్టాడు. నాతో చదివించినట్టే, వేలు ముందుకు పోకుండా, ఒక్కొక్క మాట చదివాడు. పేరు. తండ్రి పేరు. పరీక్ష. సంవత్సరం. తారీఖు దగ్గర వేలు ఆపి, "ఇది నేను మార్చిన" అన్నాడు.

"ఎన్నేండ్ల సంది?"

"ఆప్..." అన్నాడు. ఆగాడు. "నాలుగేండ్లు. ఆ పరీక్షకు హాల్ గేటు దాక పోయిన. లోపలికి పోలే. గేటు మూసేదాక బయటనే నిలబడ్డ. ఎనుకకు వచ్చిన. తర్వాత అప్లై జేసుడే బంద్ జేసిన."

"మరి పొద్దంత ఈడ ఏం జేస్తున్నవ్?"

"సదువుతున్న."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోన్ నా వైపు జరిపింది. "పెద్దమ్మా, దీన్ని ఒక్క ప్రింట్ తియ్యి. మల్ల ఎప్పుడన్న కాగితం జూపిస్తె, పక్కన పెట్టి పోల్చుకుంట" అంది. నేను ఎలుక బొమ్మ నొక్కి, దస్త్రాలు తెరిచి, ముద్రించు అన్న చోట నొక్కాను. సీనియర్ తెర వైపే చూస్తున్నాడు. కాగితం బయటికి వచ్చాక ఆమె మడిచి రవికలో పెట్టుకుంది.

సాయంత్రం బకెట్టు పట్టుకుని మా షాపు ముందు నుంచే పోయారు. బకెట్టు ఆమె చేతిలో, పరుపు అతని చంకలో. ఎప్పటిలాగే "ఏడికి సవారీ?" అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అతను బస్టాపు దాటి గాంధీనగర్ దిక్కు తిరుగుతాడేమోనని చూశాను. తిరగలేదు. లోయర్ ట్యాంక్ బండ్ వైపు పోయే బస్సు ఎక్కారు, మళ్లీ మా గల్లీకి రాలేదు. ఆ తర్వాత అతను ఏం చేస్తున్నాడో నాకు తెలియదు. అబద్ధం చెప్పినందుకు నేను సిగ్గుపడను. అది నిలబడనందుకు మాత్రం సంతోషించాను.

పోయిన వారం సంగతికి వస్తాను. చాయ్‌కి పోయిన మనిషి తిరిగి వచ్చేలోపల, చక్రం నొక్కి పాతదాంట్లోకి పోయాను. ముసలి మిషన్ ఆయాసపడి తెరుచుకుంది. ఎడమ పక్కన నా నిలువు వరుస. చెయ్యి దానంతట అదే రెండో బొమ్మ మీదికి పోయింది. పెదవులు కదలలేదు. ఆ జాగాలన్నీ చేతికి ఇంకా గుర్తున్నాయి, కాళ్లకు బట్టీ గుర్తున్నట్టు. బయటికి వచ్చి, కొత్తదాంట్లోకి పోయి కూర్చున్నాను.

కంప్యూటర్ల మనిషి వచ్చాడు. "ఏం జేద్దాం పెద్దమ్మా?"

"తీసెయ్."

అతను నల్ల తెర తెరిచి ఏదో కొట్టాడు. అక్షరాల వరుసలు పరిగెత్తి, చివర ఇంగ్లీషులో ఒక ప్రశ్న దగ్గర ఆగాయి. కొనసాగాలా అని. అవును, కాదు. రెండే ఆప్షన్లు. అతను నొక్కబోయాడు.

"జరుగు" అన్నాను. తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాట కింద జరుపుతూ, పైకి చదివాను. చదివినాక నేనే నొక్కాను.